మోనాచారి పన్నెండో చాకు

మడత చాకుల మోనాచారిగారు ఇక లేరు. ఈ ఒక్క వాక్యం రాసి అరగంట దాటింది. కలం ముందుకు సాగడం లేదు.

వైశాఖ మాసపు మిట్టమధ్యాహ్నం, బడి పిల్లలను ఇళ్లకు పంపి అరుగుమీద కూర్చున్నాను. మానవపాడు నుంచి వచ్చిన బండి మనిషి ఒకతను వాకిట్లో నిలబడి, "పంతులూ, మీ చాకుల ఆచారి రాజోలి తొవ్వల పానం ఇడిసిండు. తుమ్మచెట్టు కింద కూసున్నోడు కూసున్నట్టే ఉన్నడు. సంచి ఒళ్లెనే ఉండె" అని చెప్పాడు. అది విని నేను, "ఎండన పడి వచ్చావు, మంచినీళ్లు తాగుతావా?" అని అడిగానట. నాకు గుర్తు లేదు. మా ఇంట్లోవాళ్లు చెప్పారు.

ఆ మహనీయుని గురించి నాలుగు మాటలు రాయమని మిత్రులు కోరారు. ఆయనతో అందరికన్న ఎక్కువ చనువున్నవాణ్ని నేనే కనుక నేనే రాయాలన్నారు. చనువు నిజమే. రాసే అర్హత ఉన్నదీ లేనిదీ మాత్రం చివరిదాకా చదివినవారే నిర్ణయించాలి.

మా గద్వాల కోటగోడకు దక్షిణాన ఉన్న ఇరుకు సందులో ఆయన కొలిమి. పైన తాటాకు కప్పు, లోపల ఇనుము సాగగొట్టే దాగలి ఒకటి, ఒక తిత్తి, గోడకు వరుసగా వేలాడే సుత్తెలు, ఆకురాళ్లు. తిత్తి ఊదేది ఆయన సహధర్మచారిణి శంకరమ్మగారు. నాకు ఊహ తెలిసిననాటి నుంచి ఆ ఇద్దరినీ మామా, అత్తా అనే పిలిచాను. మేము నేతపనివాళ్లం, వారు కమ్మరులు. రక్తసంబంధం లేదు, అయినా సందులో మా ఇంటికీ వారి కొలిమికీ మధ్య ఉన్నవి రెండు వాకిళ్లే. ఆయన నన్ను "అల్లుడా" అనేవారు. ఆ పిలుపు ఇక వినపడదు.

ఆయన అక్షరం ముక్క రాని మహాపండితుడు. లోహం ఆయన చేతిలో శిష్యునిలా అణిగి మణిగి ఉండేది. ఇటు అలంపురం, రాజోలి నుంచి అటు వనపర్తి, నాగర్‌కర్నూలు దాకా రైతుల మొలతాళ్లకూ, నేతగాళ్ల మగ్గాల పక్కనా, వైద్యుల సంచుల్లోనూ ఆయన చేసిన చాకులు ఉండేవి. ఏ ఒక్కదానిమీదా ఆయన పేరుండేది కాదు. ఒకసారి అడిగితే, "తెగినన్ని దినాలు నన్నెవరు యాదికి తెచ్చుకుంటరు? తెగని దినం పేరు లేకున్నా తిడ్తనే ఉంటరు. ఇగ పేరెందుకు?" అని నవ్వారు.

చాకు అనగానే మనమంతా కోసే అలుగునే చూస్తాం. ఆయన చూపు పిడి లోపల దాగి ఉండే కమానుమీద ఉండేది. కమాను అంటే పిడి వీపున బిగించే సన్నని ఉక్కు బద్ద. తెరిచిన అలుగును తెరిచినట్టే పట్టి ఉంచేదీ, మూసిన అలుగును మూసినట్టే ఉంచేదీ అదే. "అలుగు కోస్తది గంతే. చేతిని కాపాడేది కమాను. కోసుడు ఏ రేకుకైనా వస్తది" అనేవారు. ఆ కమానును ఎర్రగా కాల్చి, నూనెలో ముంచి, మెరిసేలా రుద్ది, మళ్లీ సన్నసెగమీద పెట్టేవారు. అప్పుడు ఉక్కుమీద రంగులు మారతాయి. ముందు ఎండుగడ్డి రంగు, తర్వాత వంగపండు రంగు, ఆ వెనుక నెమలి కంఠం రంగు. సరిగ్గా ఆ నీలం పూసిన క్షణాన దించాలి. కాస్త ముందు దించితే కమాను విరుగుతుంది. కాస్త ఆలస్యమైతే బూడిద రంగుకు తిరిగి, మెత్తబడి వంగుతుంది. ఆ క్షణం రెప్పపాటు కన్న పెద్దది కాదు. ముప్పై ఏళ్లు ఆయన ఆ రెప్పపాటును తప్పిపోనివ్వలేదు.

ఆయనకు రెండు నియమాలుండేవి. మొదటిది తొలి పదును. చాకు తయారయ్యాక అంచు పెట్టకుండా మొద్దుగానే ఉంచేవారు. కొనడానికి వచ్చినవాడు కొలిమిలో చతికిలబడి, సానరాయిమీద నీళ్లు చల్లుకుని, తన చాకుకు తానే తొలి పదును పెట్టుకోవాలి. చెయ్యి ఎటు వాలుతున్నదో, రాయిని ఎంత అదుముతున్నాడో ఆయన పక్కన కూర్చుని చూసేవారు. ఒకసారి కచేరీలో పనిచేసే పెద్ద అధికారి ఒకరు జవానును వెంటబెట్టుకుని వచ్చారు. నియమం విని, "వీడు పెడతాడు" అని జవానును చూపించారు. మామ చాకును మళ్లీ గుడ్డలో చుట్టేస్తూ, "చాకు ఎవరిది సర్కార్? మీదా, ఈనదా? ఈనదైతే ఈనకే అమ్ముత" అన్నారు. ఆ అధికారి కాసేపు మామను ఎగాదిగా చూసి, కోటు విప్పి జవాను చేతికిచ్చి, నేలమీద కూర్చున్నారు. గంటసేపు చెమటోడ్చి పదును పెట్టుకుని, పోతూ పోతూ మామకు సలాం చేసి మరీ పోయారు. ఆ తర్వాత మామ నాతో, "కుడిచెయ్యి మంచిదే గని, బొటనవేలు తొందరపడ్తది ఆయనకు" అన్నారు. మనుషులను ఆయన గుర్తుంచుకునేది అలాగే. ముఖం మరిచినా చెయ్యి మరిచేవారు కాదు.

రెండో నియమం, చాకును చేతికివ్వకపోవడం. మూసి దాగలిమీద పెట్టేవారు. తీసుకునేవాడు అక్కడి నుంచి తీసుకోవాలి. మన ఇళ్లలో ఉప్పు చేతికివ్వరు, ఇస్తే పోట్లాట వస్తుందంటారు. ఆయనకు చాకు విషయంలో ఆ పట్టింపు ఉండేది. శంకరమ్మత్త తమలపాకు కాడ తుంచడానికి చాకడిగినా సరే, కిందపెట్టి వేలితో ఇటు తోసేవారు. "నలభై ఏండ్లు కాపురం చేసిన, ఇంకా భయమేంది నీకు?" అని ఆమె ఎగతాళి చేస్తే, "నలభై ఏండ్లు గిట్ల పెట్టవట్టే కాపురం నిలవడ్డది" అనేవారు.

యుద్ధకాలంలో ఉక్కు దొరకడం గగనమైపోయింది. ఇత్తడి అసలే కరువు. ఆ రోజుల్లో ఆయన వనపర్తి సంతలో విరిగిన రంపం ఒకటి సంపాదించి, దాన్ని కోసి పన్నెండు కమానులు చేశారు. పన్నెండింటికీ ఒక్క సాయంత్రమే రంగు పట్టించారు. ఇత్తడి లేక ఆ పన్నెండు చాకులకు మాత్రం పిడి బిగించడానికి రాగి చీలలు వేశారు. నల్లకొమ్ము పిడి, మూడు రాగి చీలలు. వాటిలో ఒకదానికి తొలి పదును పెట్టుకున్నవాణ్ని నేను.

అప్పటికి నేను నేతగాణ్ని. చీరెకు పట్టంచు అతికే చోట నా వేళ్లంత చురుకుగా ఇంకెవరి వేళ్లూ ఆడవని మా నాయన నలుగురిలో చెప్పుకునేవాడు. ఒకనాటి ఉదయం మగ్గానికి కట్టిన తాడు ముడి బిగిసిపోతే చాకు మొన గుచ్చి ఎత్తబోయాను. అలుగు వెనక్కి మడుచుకుంది. కుడిచేతి చూపుడువేలు ఎముకదాకా తెగింది. పసుపు పెట్టి కట్టినా చీము పట్టింది. చివరికి దవాఖానాలో పైకణుపు తీసేయాల్సి వచ్చింది. చూపుడువేలి కొస లేనివాడు తెగిన పట్టుపోగును అతకలేడు. నా మగ్గం ఆనాటితో ఆగిపోయింది.

మామ మా గడపలో వచ్చి నిలబడ్డారు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. మా నాయన లేచి, "నీ చాకు నా కొడుకు బతుకు కోసింది ఆచారీ" అని అరిచాడు. మామ కిందపడి ఉన్న చాకును తీసి, తెరిచి మూసి, మళ్లీ తెరిచి అలుగు వీపుమీద బొటనవేలితో నొక్కారు. అది పట్టు లేకుండా మెత్తగా మడుచుకుంది. అప్పుడాయన నావైపు తిరిగి, "అల్లుడా, నువ్వేమంటవ్?" అని అడిగారు. నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. ఈనాటికీ ఆ క్షణం తలచుకుంటే నాకు సిగ్గేస్తుంది. నొప్పి నాది, నిజమే. కానీ ఆ గడపలో నిలబడ్డ మనిషి పడ్డ బాధ నాకన్న తక్కువది కాదు.

మూడో రోజు మళ్లీ వచ్చారు. చాకును విప్పి కమానును బయటికి తీసి తెచ్చారు. "తిరిగి లేవాల్సింది ఒంగింది. మెత్తబడ్డది. గని ఎట్లయితది? రంగు సూసే దించిన. నా కండ్లతోనే సూసిన" అని తనలో తాను గొణుక్కుంటున్నారు. మా నాయన పెడముఖంగానే ఉన్నాడు. నా మగ్గానికని అద్దకం చేయించి తెచ్చిన పట్టుపోగుల కట్ట ఒకటి కొక్కేనికి వేలాడుతోంది. ఎండ సూటిగా దానిమీద పడుతోంది. మాట కలపాలనో ఏమో, మామ దానికేసి చూసి, "ఈ బూడిద రంగు పట్టు ఏ చీరెకు బావా?" అని మా నాయనను అడిగారు.

అది నెమలి కంఠం. మా ఇంట్లో మాటలు రాని పిల్ల కూడా గుర్తుపట్టే రంగు.

మా నాయన మెల్లగా ఇటు తిరిగాడు. తిట్టడానికి తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. కట్టను కొక్కెం నుంచి తీసి మామ ముఖానికి దగ్గరగా పట్టి, "ఇది ఏ రంగు ఆచారీ?" అని నెమ్మదిగా అడిగాడు. మామ చాలాసేపు చూశారు. తర్వాత కింద కూర్చుండిపోయారు. ఆయన కళ్లలో పొర ఎన్నాళ్లుగా ముసురుతున్నదో ఎవరికి తెలుసు? ముసలితనంలో వచ్చే ఆ పొర అన్ని రంగులనూ ఒక్కసారి తీసుకుపోదు. ఆయనకు ముందుగా పోయింది నీలం. కొలిమి దగ్గర రాని నీలం కోసం ఎదురుచూస్తూ ఉండగా ఉక్కు దాన్ని దాటిపోయింది. పన్నెండు కమానులూ అలాగే అయ్యాయి.

ఆయన నోట వచ్చిన మొదటి మాట తన కళ్ల గురించి కాదు. "ఇంక పదకొండు ఉన్నయి" అన్నారు. "పదకొండు చేతులు."

తర్వాత నా కట్టు కట్టిన చేతిని చూస్తూ, "నీ యేలు తీసుకున్న అల్లుడా. ఇప్పుడు నీ కన్ను గూడ అడుగుతున్న. ఇస్తవా?" అన్నారు.

ఇచ్చాను. ఆనాటి నుంచి ప్రతి గురువారం సాయంత్రం, పొద్దు వాలి కొలిమిలో నీడ పరుచుకునే వేళ, నేను ఆయన పక్కన కూర్చునేవాణ్ని. అత్త తిత్తి సన్నగా ఊదేది. మామ పట్టుకారుతో కమానును సెగమీద పట్టేవారు. నేను చూస్తూ ఉండి, "గడ్డి... వంగపండు... ఇప్పుడు!" అనేవాణ్ని. ఆ "ఇప్పుడు" అన్న మాట పూర్తయ్యేలోగా కమాను చల్లటి నూనెలో ఉండేది. పుట్టినప్పటి నుంచి పట్టుపోగుల మధ్య పెరిగిన కన్ను నాది. మగ్గం పోయాక దానికి పని ఉన్నది ఆ ఒక్కచోటే. మిగతా రోజుల్లో నేను బొటనవేలికీ నడిమివేలికీ మధ్య సుద్దముక్క పట్టుకుని వీధిబడిలో ఓనమాలు దిద్దించేవాణ్ని. నన్ను బడిపంతులును చేసింది కూడా మామే. "యేలు లేకుంటే ఏమాయె, నీకు అచ్చరాలున్నయి గద" అని నాలుగిళ్లు తిరిగి పిల్లలను ఆయనే పోగుచేసి తెచ్చారు.

కమానులు సిద్ధమయ్యాక ఆయన అన్వేషణ మొదలైంది. సంచిలో రెండు సుత్తెలు, ఒక చిన్న దాగలి, రాగి చీలలు, కొత్త కమానులు. ఎవరెవరికి అమ్మారో ఎక్కడా రాసుకోలేదు. తొలి పదును పెట్టుకున్న చేతులు మాత్రం ఆయనకు గుర్తున్నాయి. "నాగర్‌కర్నూలు వైద్యుడు, ఎడమచేతివాటం." "వనపర్తి బండ్లాయన, రాయిని పగలగొట్టేటట్టు అదుముతడు." అలా ఒక్కొక్క చెయ్యినీ తలచుకుంటూ, నెలకో ఊరు, రెండు నెలలకో ఊరు. కొన్ని ఊళ్లకు రైలు, కొన్నిటికి బండి, చాలావాటికి నడక. వెళ్లిన చోట అరుగుమీద కూర్చుని పాత కమాను తీసి కొత్తది బిగించి, మూసి ఆ చప్పుడు వినేవారు. అది సరిగ్గా "టక్" మంటేనే లేచేవారు. "మంచిగనే తెగుతుంది, నీకెందుకు ఇంత పరేషాన్?" అని విసుక్కున్నవాళ్లు ఉన్నారు. అలాంటివారికి ఆయన ఏమీ వివరించేవారు కాదు. నా వేలి సంగతి చెప్పేవారు, అంతే.

మానవపాడులో ఒక రైతు ఇంటికి ఆయనతో నేనూ వెళ్లాను. చాకు కొన్న రైతు అప్పటికే జ్వరం వచ్చి పోయాడు. ఆయన భార్య ఆ చాకును దేవుని గూట్లో పెట్టుకుంది. "మా ఆయన చేతిది. ఎవరికీ ఇయ్య" అన్నది. మామ బలవంతపెట్టలేదు. "నువ్వే పట్టుకో తల్లీ. నీ చేతుల ఉండంగనే చేస్త" అని, ఆమె చాకును గట్టిగా పట్టుకుని ఉండగా చీలలు విప్పారు. పని పూర్తయి మేము లేవబోతుంటే ఆమె, "ఆ పాత ముక్కేదో తీస్తివి గద, అది గూడ ఇయ్యి. ఆయన చెయ్యి తగిలింది దానికి" అన్నది. మామ ఆ వంగిపోయిన కమానును తన తలగుడ్డ అంచు చింపి అందులో మూటకట్టి, ఆమె ముందు నేలమీద పెట్టారు. తిరిగొచ్చేటప్పుడు, రైలు గద్వాల స్టేషన్ చేరుతుండగా, "నేను ఎంత తప్పు చేసినా ఎవరూ నన్ను తిట్టరేంది అల్లుడా?" అన్నారు.

మూడేళ్లలో పదకొండు చాకులకు కమానులు మారాయి, నాదానితో సహా. పన్నెండోది మిగిలిపోయింది. దానికి కారణం ఆయన నియమభంగమే. సంతలో కుండపోత వాన పడుతుంటే కంబళి కప్పుకున్న మనిషెవరో తొందరపెట్టాడు. ఆ ఒక్కసారి మామ తొలి పదును తానే పెట్టి చాకు అమ్మేశారు. చెయ్యి చూడలేదు. "ఒక్కనాడు తొందరపడ్డ. ఆ ఒక్కటే దొరుకతలేదు" అని ఎన్నిసార్లు తలపట్టుకున్నారో! దానికోసం చేసిన కమాను ఆయన సంచిలోనే ఉండేది. "అది దొరికిననాడు తిత్తి దించేస్త. మీ అత్త చేతులు గుంజుతున్నయి. నాకు ఇగ సూపు లేదు. నీకు గూడ బడి ఉన్నది. చాలు" అనేవారు.

ఇక ఇక్కడి నుంచి నేను రాయవలసింది ఆయన గురించి కాదు.

మొన్న కార్తీకంలో మా చెల్లెలి శ్రీమంతానికి రాజోలి నుంచి మా చిన్నమ్మ వచ్చింది. భోజనాలయ్యాక వాకిట్లో కూర్చుని, బొడ్డు సంచిలోంచి చాకు తీసి పోకచెక్క చెక్కుకుంటోంది. నల్లకొమ్ము పిడి. మూడు రాగి చీలలు. ఎక్కడిదంటే, "మీ చిన్నాయన ఎప్పుడో సంతల తెచ్చిండు, పెద్దవాన పడ్డ దినం" అన్నది. నేను మామ ఈమధ్యే చేసిన నా కొత్త చాకు ఆమె ముందు పెట్టి పాతది తీసుకున్నాను. "కొత్తది ఇచ్చి పాతది తీసుకునేటోణ్ని నిన్నే సూస్తున్నరా. పిల్లలకు చెప్పి చెప్పి నీకు బుద్ధి కరాబైంది" అని నవ్వింది.

రెండు వాకిళ్లు దాటితే కొలిమి. అప్పుడే వెళ్లి దాగలిమీద పెట్టి, "దొరికింది మామా" అంటే సరిపోయేది. వాకిట్లోదాకా వెళ్లాను కూడా. తిత్తి చప్పుడు వినిపించింది. నేను ఈ చాకు ఇస్తే ఆ చప్పుడు ఆగిపోతుంది. గురువారాలు పోతాయి. "ఇప్పుడు!" అనే మాట పోతుంది. నా కన్ను మళ్లీ దేనికీ పనికిరాకుండా పోతుంది. నేను వెనక్కి తిరిగి వచ్చి చాకును సుద్దముక్కల డబ్బా అడుగున దాచాను. ఈ అన్వేషణ ఉన్నంతకాలం ఆయన బతుకుతారని నాకు నేను చెప్పుకున్నాను. ఇంకో నెల పోనీ, ఉగాది పోనీ అనుకున్నాను. అవన్నీ సాకులు. నేను దాచుకున్నది నా గురువారాలను.

వైశాఖంలో ఒకనాడు పొద్దున్నే మామ సంచి భుజాన వేసుకుని బడి ముందు ఆగారు. ఆ వానసంతకు రాజోలి నేతగాళ్లు కొందరు కంబళ్లు కప్పుకుని వచ్చినట్టు ఎవరో చెప్పారట. "రాజోలి పోతున్న అల్లుడా. ఇంటింటికి తిరుగుత. ఈసారి దొరుకుతది" అన్నారు. కళ్లు బాగా పోయాయి. నన్ను చూస్తున్నాననుకుని నా పక్కనున్న స్తంభాన్ని చూస్తున్నారు. నా వెనుక గూట్లోనే డబ్బా ఉంది. చెయ్యి చాపితే అందుతుంది.

"ఎండలు తగ్గినంక పో మామా" అన్నాను. అంతమాత్రమే అన్నాను.

"చాకు ఎండ సూస్తదా, వాన సూస్తదా? మూసుకునేటప్పుడు మూసుకుంటది" అని ఆయన వెళ్లిపోయారు.

లేని చాకు కోసం రాజోలి దారిలో ఆ వృద్ధుడు ఎండలో నడిచాడు. అది రాజోలి నుంచి వచ్చి ఆరు నెలలై, నా సుద్దముక్కల కింద పడి ఉంది. నేను ఆయన్ను చంపానని ఎవరూ అనరు. వయసు అనుకుంటారు, ఎండ అనుకుంటారు. ఆయన అన్న మాటే నాకిప్పుడు వినిపిస్తున్నది. నేను ఎంత తప్పు చేసినా ఎవరూ నన్ను తిట్టడం లేదు.

దినవారాలైన మర్నాడు చాకు తీసుకుని కొలిమికి వెళ్లాను. శంకరమ్మత్త చల్లారిన పొయ్యి దగ్గర, తిత్తికి ఆనుకుని కూర్చుని ఉంది. చాకును మూసి దాగలిమీద పెట్టాను. ఆమె వేళ్లతో తడిమి చూసింది. మూడు చీలలూ లెక్కపెట్టింది.

"ఎన్నడు దొరికింది?" అన్నది.

"కార్తీకంల అత్తా" అన్నాను. ఆ పైన ఏదో చెప్పబోయాను. చిన్నపిల్లవాడిలా ఏడ్చాను.

ఆమె పొయ్యికేసి చూస్తూ, "ఆయన నన్నడిగిండు. అల్లుడు ఈ నడుమ 'ఇప్పుడు' అనేటప్పుడు గొంతు వణుకుతుంది, ఏం పరేషాన్ల ఉన్నడో జర కనుక్కో అని. నేనే అడగకపోతి" అన్నది. లేచి మామ సంచి విప్పింది. అందులో పన్నెండో కమాను ఉంది. ఏనాడు అడిగి తీసుకున్నారో, మా ఇంటి నెమలి కంఠం పట్టుపోగు దానికి చుట్టి ఉంది. ఆయనకు బూడిద రంగుగా కనిపించిన పోగు.

"కూసో. కమాను మార్చు" అన్నది అత్త.

ఆయన చోట కూర్చున్నాను. లోపమున్న చేత్తో చీలలు విప్పి, పాత కమాను తీసి, కొత్తది బిగించేసరికి పొద్దు వాలింది. రెండు చీలలు వంకరగా కూర్చున్నాయి. ఆయన చూస్తే ఒప్పుకునేవారు కాదు. తెరిచి మూశాను. "టక్" మంది. ఆ చప్పుడుకు అత్త కళ్లు మూసుకుంది.

ఓ లోహవిద్యా విశారదా! నీ నైపుణ్యాన్ని కీర్తించే పండితులు ముందుముందు ఎవరైనా పుడతారేమో. నీ చేతి చాకులు ఇంకో రెండు తరాలు ఈ సీమలో తెగుతూనే ఉంటాయి. తన తప్పు వెనక తానే నడిచి వెళ్లి, పదకొండు గడపల్లో కూర్చుని దిద్దుకున్న మనిషిని మాత్రం నేను మళ్లీ చూడబోను. నిన్ను స్మరించే అర్హత లేనివాడు చేసే నమస్కారం ఇది. అందుకో.

అలవాటు కొద్దీ నేను చాకును మూసి దాగలిమీద పెట్టాను. అత్త దాన్ని తీసింది. నా చెయ్యి పట్టుకుని, అరచెయ్యి తెరిచి, అందులో పెట్టింది.

"ఆయనుంటే చేతికియ్యనియ్యకపోవు. కొట్లాట అయితదనేటోడు" అన్నది. "ఇగ చేతికే ఇస్తున్న, పట్టు. నీతోని కొట్లాడనీకన్న వస్తడేమో సూద్దాం."

ఇది జరిగి పదిరోజులైంది. చాకు నా జేబులోనే ఉంది. మామ ఇంకా రాలేదు.